ముప్పావు గ్రాము తక్కువ

త్రియెస్తెలో బోరా గాలి లేచిన రోజు
ముసలివాళ్ళం వీధిలో కట్టిన తాడు పట్టుకుని నడుస్తాం.
ఒక చెయ్యి తాడు మీద,
రెండోది కోటు జేబులో, కొత్తగా కొన్న దొంగ మీద.

మూడో ఆదివారం సంతలో లీవియో ఎప్పుడూ ఒకటే మాట:
"కూర్చో నెరీనా, ఈసారి మంచివొచ్చాయి."
ఆలివ్ రెమ్మ పక్కన గుడ్లగూబలు,
రెక్కల శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవతలు,
ఈటెలు చాచి గుర్రాల మీద ఉరికే కవలలు.
వెండి వెండిలా మెరుస్తుంటే నాకేం పని?
"లోపల రాగి ఉన్నవి తియ్యి" అంటాను.

ముప్పై నాలుగేళ్ళు అద్దాల గూట్లో కూర్చుని
ఊరి డబ్బు లెక్కపెట్టాను.
నోటు సంగతి ముందు బొటనవేలికి తెలిసేది,
తరవాత కంటికి.
ఇప్పుడా వేలు ఊరికే ఉండలేక
రెండు వేల ఏళ్ళ నాటి మోసాలు ఏరుకుంటోంది.

ఇదిగో, ఇవాళ్టిది. దెనారియస్.
లీవియో తక్కెడలో ముప్పావు గ్రాము తక్కువ తూగింది.
దేవత చెక్కిలి దగ్గర పొర లేచి
పచ్చటి చిలుము తొంగిచూస్తోంది.
పైన పటారం, లోన లొటారం.
కానీ ఆ పటారం ఎంత ఓపికగా చేశాడో చూడండి!
రాగి బిళ్ళకి వెండి రేకు తొడిగి, అంచులు మడిచి,
అతుకు కనపడకుండా కొలిమిలో కరిగించి,
చప్పుడు బయటికి పోకుండా
తలుపుకి గోనె అడ్డం కట్టి ముద్ర కొట్టి ఉంటాడు.
దొరికి ఉంటే దొంగ.
దొరకలేదు కాబట్టి
నా వెల్వెట్ పెట్టెలో దొర.

దీన్ని ఎవరో నూనెకి తీసుకున్నారు,
లేదా చెప్పులకి, లేదా ఒక రాత్రి పడకకి.
తీసుకున్నవాళ్ళు ఇంకొకరికి అంటగట్టారు.
ఎన్ని చేతులు తెలిసి మార్చాయో, ఎన్ని తెలియకో
తక్కెడ చెప్పదు.

నా దొంగల మధ్య ఒక్కటే అసలుది ఉంది:
ఏథెన్స్ గుడ్లగూబ.
నెత్తి మీద ఉలిగాటు, లోతుగా, ఒకే దెబ్బ.
ఎవరో సరాఫుకి అనుమానమొచ్చి నరికి చూశాడు.
లోపలా వెండే.
మొహం పాడైందని లీవియో సగం ధర చెప్పాడు.
బేరమాడలేదు.
ఆ ఉలి పట్టిన చెయ్యి నాకు తెలుసు.

ఒక ఫిబ్రవరిలో, లీరాల కాలంలో,
కార్స్ట్ కొండల మీంచి గుడ్లు అమ్ముకునే దనీత్సా వచ్చింది.
యాభై వేల నోటు, నాలుగు మడతలు.
నా వేలు ఆగింది.
"ఎవరిచ్చారు?" అన్నాను, వెనక వరసంతా వినేట్టు.
"మంచి కోటు వేసుకున్నాయన" అంది.
ముద్ర కొట్టాను. రసీదు రాశాను.
దాన్నీ నాలుగు మడతలు పెట్టి రొమ్ములో దోపుకుంది.
"తరవాత ఎవరు?" అన్నాను.

ఆరు వారాలకి రోమ్ నించి ఉత్తరం:
నోటు అసలుదే.
చెమటకీ, కోళ్ళగూటి తేమకీ మెత్తబడిందట, అంతే.
డబ్బు ఆమెకి చేరింది.
ఆ తరవాత పదకొండేళ్ళు బ్యాంకుకి వస్తూనే ఉంది
కానీ పక్క గూటి ముందే నిలబడేది,
ఆ వరస గుమ్మం దాటినా,
నా ముందు ఒక్కరూ లేకపోయినా.

రాత్రుళ్ళు గుడ్లగూబని తీసి
ఆ గాటులో గోరు పెట్టి చూస్తాను.
గోరు సరిగ్గా పడుతుంది.

ఇవాళ లీవియో చిల్లర చేతిలో పోస్తే
చూడకుండా జేబులో వేసుకున్నాను.
"నమ్మకం!" అని నవ్వాడు.
మలుపు తిరిగి, రోమన్ల నాటకశాల రాళ్ళ చాటున
గాలి తగలని చోటు చూసుకుని
లెక్కపెట్టాను.
సరిగ్గానే ఉంది.